ఎదుటి వీధికి అప్పు

(ఒక చేనేత సహకార సంఘ కార్యదర్శి)

గత దసరాకు మా సంఘ సభ్యులలో ఒక పెద్దాయన మనుమరాలు బెంగుళూరు నుండి వచ్చినది. కంప్యూటరు కంపెనీలో ఉద్యోగము. అంతకుముందు కంపెనీ పని మీద రెండేండ్లు అమెరికాలో ఉన్నది. తాతగారి వాటా సర్టిఫికెట్టు మీద నామినీ పేరు మార్పించుటకు ఆఫీసునకు తోడు వచ్చి, నేను రిజిస్టరు వెదకునంతసేపు ఊరక కూర్చొనలేక తన సెల్‌ఫోను నా ముందు పెట్టినది. అందులో ఒక స్త్రీ ఫోటో. కుట్టుమిషను ముందు కూర్చొని యున్నది.

"కాకా, ఈమెది పాలస్తీనా. అమెరికాల ఉన్నప్పుడు ఈమెకు ఇరవై అయిదు డాలర్లు అప్పిచ్చిన. నెలనెలా కొంత కొంత కట్టి మొత్తం తీర్చింది" అన్నది.

"వడ్డీ ఎంత?" అని అడిగితిని. సహకార సంఘ కార్యదర్శి నోట మొదట వచ్చు మాట అదే గదా.

"నాకు వడ్డీ లేదు కాకా. ఇది శాంతి కోసం ఇచ్చుడు."

పెద్దాయన కళ్ళద్దములు తీసి తుడుచుకొని, "అంత దూరమున్న మనిషిని నమ్మి ఇచ్చినవు, మంచిదే బిడ్డా. మన ఎదుటి అద్దకపు వీధిల ఒకనికి ఇస్తవా?" అన్నాడు.

ఆ పిల్ల నవ్వినది గాని జవాబు చెప్పలేదు. నేనును చెప్పలేదు. రిజిస్టరు దొరికినది, సంతకములు అయినవి, వారు వెళ్ళిపోయినారు. ప్రశ్న మాత్రము నా బల్ల మీదనే మిగిలినది. అందువలన ఈ నాలుగు మాటలు మన పత్రిక పాఠకుల ముందు పెట్టుచున్నాను.

ముందు మా ఊరి సంగతి చెప్పవలెను. నేతవారి వీధికిని అద్దకపువారి వీధికిని నడుమ ఒక కాలువ, దాని మీద చిన్న వంతెన. మాది పద్మశాలి వీధి, వారు ముసల్మానులు. మగ్గము మావద్ద, రంగు బాన వారివద్ద. నా చిన్నతనమున సోమవారము ఉదయము నూలు చిలపలు మూటగట్టి సైకిలు మీద వంతెన దాటించుట మాబోటి పిల్లల పని. చిలపలు దించునపుడు ఎవరును డబ్బు అడుగువారు కారు. ఎర్ర అట్ట పుస్తకములో వ్రాసికొనెడివారు. నేసిన చీరలు అమ్ముడుపోయి డబ్బు చేతికి వచ్చిన తరువాత, అనగా నెలకో నెలా పదిహేను రోజులకో, బాకీ తీర్చుట. ఇది అప్పు అని రెండు వీధులలో ఎవరికిని తోచనే లేదు.

ఇరువది యేండ్ల క్రితము ఒక ఊరేగింపు విషయమై తగవు వచ్చినది. మొదటి రాయి ఎవరు విసరినారను సంగతిని ఇప్పటికిని రెండు వీధులలో రెండు విధములుగా చెప్పుదురు; ఇక్కడ తీర్పు చెప్పుట నా పని కాదు. రెండు దుకాణములు కాలినవి. మూడు రోజులు కర్ఫ్యూ. నాలుగవనాడు వంతెన మీద రాకపోకలు మొదలైనవి గాని ఎర్ర అట్ట పుస్తకము తెరువబడలేదు. రొక్కము ఇచ్చిన రంగు, లేనిచో లేదు. మా వీధి నూలు సావుకారు కూడ వారికి రంగుల పొడి అరువు ఇచ్చుట మానివేసినాడు. రొక్కము లేని నేతవారు నూలును బస్సులో వేసి వేరే పట్టణమునకు పంపి అద్దించినారు. అక్కడి ఎరుపు ఒక్కొక్క వాయికి ఒక్కొక్క రకము. అంచు ఒక ఛాయ, కొంగు మరొక ఛాయ అయి చీరలు తిరిగి వచ్చినవి. ఒక్క సంవత్సరములో మా వీధిలో పదకొండు మగ్గములు విప్పి అటక మీదికి ఎక్కించినారు. అద్దకపు వీధిలో ఆనాడు పదునేడు బానల ఇండ్లు ఉండెడివి. నేడు నాలుగు. మిగిలినవారి బిడ్డలు ఆటోలు నడుపుచున్నారు.

రాళ్ళ వలన పోయినది రెండు దుకాణములు. తక్కిన నష్టమంతయు ఆ పుస్తకము మూతబడుట వలన వచ్చినదే. కావున అప్పునకును శాంతికిని సంబంధము కలదని ఎవరైన అన్నచో నేను నవ్వను. అయితే ఆ సంబంధము ఫోను ద్వారా కలుగునా, కలిగిన నిలుచునా అనునది విచారింపవలసి యున్నది. ఆ పిల్ల చెప్పినదియు, తరువాత నేను చదివి, అడిగి తెలిసికొన్నదియు ఇక్కడ వ్రాయుచున్నాను.

ఆమె అప్పిచ్చిన సంస్థ పేరు కీవా. స్వాహిలీ భాషలో ఈ మాటకు ఐకమత్యమని అర్థము చెప్పుదురు. 2005లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున మాట్ ఫ్లానరీ, జెస్సికా జాక్లీ అను యువ దంపతులు దీనిని ప్రారంభించినారు. తూర్పు ఆఫ్రికాలోని ఉగాండా దేశములో టొరోరో అను పట్టణమునకు చెందిన ఏడుగురు చిన్న వ్యాపారుల ఫోటోలు, వారి అవసరములు ఇంటర్నెట్టులో పెట్టి, తలా కొంత అప్పు ఇమ్మని తమ బంధుమిత్రులను కోరినారు. ఆ ఏడుగురికిని కలిపి సమకూరిన సొమ్ము 3,500 డాలర్లు. అది తిరిగి వచ్చినది. నేటికి ఆ సంస్థ ద్వారా జరిగిన అప్పులు 200 కోట్ల డాలర్లు దాటినవి. ఒక్కొక్కరు ఇవ్వదగిన కనిష్ఠ మొత్తము చాలకాలము 25 డాలర్లుగా ఉండెడిది. నూటికి సుమారు 96 వంతులు తిరిగి వచ్చుచున్నవని సంస్థవారి లెక్క. మన పరపతి సంఘముల వసూళ్ళ పట్టికలు చూచువారికి ఈ అంకె అసూయ కలిగించును.

సొమ్ము నడుచు దారిని మాత్రము సరిగా తెలిసికొనవలెను. ఫోటో చూచి మనము ఇచ్చిన డాలరు తిన్నగా ఆ కుట్టుమిషను స్త్రీ చేతికి పోదు. ఆ ఊరిలో ఒక స్థానిక పరపతి సంస్థ ఉండును. ఆమె యోగ్యత విచారించునది, అప్పు ఇచ్చునది, వాయిదాలు వసూలు చేయునది ఆ సంస్థయే. కీవా వద్ద చేరిన సొమ్ము ఆ సంస్థకు వడ్డీ లేకుండ చేరును. పెక్కు సందర్భములలో ఫోటో ఇంటర్నెట్టులో పెట్టుటకు ముందే ఆమెకు అప్పు ముట్టియుండును! 2009లో డేవిడ్ రూడ్‌మన్ అను ఆర్థికవేత్త ఈ సంగతిని బయటపెట్టి వ్రాయగా పెద్ద చర్చ జరిగినది. పిమ్మట కీవావారు తమ పద్ధతిని ఇంకను స్పష్టముగ వివరించినారు. మోసమని నేను అనను. స్థానిక సంస్థ పెట్టుబడి తిరిగి నిండును, మరొకరికి అప్పు దొరకును. కాని నా పాతిక డాలర్లతోనే ఆమె మిషను కొన్నదని అనుకొనుట పొరపాటు.

వడ్డీ సంగతి కూడ అంతే. అప్పు ఇచ్చువానికి వడ్డీ లేదు గాని పుచ్చుకొనువారికి కలదు. స్థానిక సంస్థలు తమ ఖర్చులకు వడ్డీ వేయుదురు. ఏడాదికి నూటికి ముప్పది దాటిన చోట్లును కలవు. చిన్న అప్పునకు ఖర్చు ఎక్కువ. వెయ్యి రూపాయల బాకీకైనను లక్ష రూపాయల బాకీకైనను వసూలుకు తిరుగు గుమాస్తా కాళ్ళు ఒక్కటే.

ఇట్టి చిన్న అప్పులను నేటి కంప్యూటరు పిల్లలు క్రొత్తగా కనిపెట్టలేదు. మన నేతవారికి సంతోషము కలిగించు ఒక పాత సంగతి ఇక్కడ చెప్పెదను. "గలివరు యాత్రలు" వ్రాసిన జోనాథన్ స్విఫ్ట్ పేరు హైస్కూలు చదివినవారు వినియుందురు. ఆయన మూడువందల యేండ్ల క్రితము ఐర్లండు రాజధాని డబ్లిన్‌లో సెయింట్ పాట్రిక్ చర్చికి పెద్ద గురువు. ఆ చర్చి చుట్టునున్న పేటలు నేతవారివి. ఇంగ్లండు బట్ట వచ్చి పడి వారి మగ్గములు ఆగిపోవుచుండగా, 1720లో ఐర్లండువారు ఐర్లండు బట్టనే కట్టవలెనని ఆయన కరపత్రము వ్రాసినాడు. స్వదేశీ మాట మన దేశమున పుట్టుటకు ముందటి స్వదేశీ! ఆ కరపత్రము అచ్చువేసినవాని మీద ప్రభుత్వము కేసు పెట్టినది. అంతటితో ఊరకుండక, ఆయన తన సొంత సొమ్ము 500 పౌనులు వేరుగా తీసి, పనివాండ్రకు అయిదేసి, పదేసి పౌనులు వడ్డీ లేకుండ అప్పిచ్చుచు, వారానికి రెండు షిల్లింగులు, నాలుగు షిల్లింగుల చొప్పున ఇరుగుపొరుగువారి పూచీ మీద వసూలు చేసెడివాడు. నేటి వారపు కిస్తుల పద్ధతికి ఇది తాత వంటిది.

మన కాలమునకు వచ్చిన, 1976లో బంగ్లాదేశములోని జోబ్రా గ్రామమున ముహమ్మద్ యూనుస్ తన జేబు నుండి 27 డాలర్లకు సమానమైన సొమ్ము కొందరు పేదలకు అప్పిచ్చుటతో మొదలైన పని, 1983లో గ్రామీణ బ్యాంకు అయినది. 2006లో ఆయనకును ఆ బ్యాంకునకును కలిపి నోబెల్ బహుమతి వచ్చినది. అది అర్థశాస్త్రపు బహుమతి గాదు, శాంతి బహుమతి. ప్రజలలో ఎక్కువమంది పేదరికము నుండి బయటపడు దారి లేనిచో శాంతి నిలువదని బహుమతి సంఘమువారు కారణము చెప్పినారు. అప్పటినుండి అప్పును, శాంతిని ఒకే ఊపిరిలో చెప్పుట లోకమునకు అలవాటైనది.

2010 నాటికి అమెరికాలో కొందరు యూదు విద్యార్థులును పాలస్తీనా సంతతి విద్యార్థులును కలిసి ఈ పని మీదనే ఒక ప్రయత్నము చేసినారు. పేరే "శాంతికై అప్పు" అని అర్థము వచ్చునట్లు పెట్టి, జోర్డాను నది పడమటి ఒడ్డున ఉన్న పాలస్తీనా చిన్న వ్యాపారులకు ఇంటర్నెట్టు ద్వారా అప్పులు సమకూర్చినారు. యూదుల ఇంట పుట్టినవాడు పాలస్తీనా కిరాణా కొట్టువానికి అప్పిచ్చిన, ఆ కొట్టు బాగుండవలెనని కోరుకొనును గదా అని వారి ఆలోచన. ఈ మాటలో నిజము కలదు. అప్పు ఇచ్చినవాడు బాకీదారుని క్షేమము కోరును. మా నాయన ప్రతి సోమవారము అద్దకపు ముసలాయన దగ్గు తగ్గినదా అని అడిగి రమ్మని నాకు చెప్పెడివాడు. ఆ ముసలాయనయు మా మగ్గము మీద చీర ఎంతవరకు వచ్చినదని అడిగెడివాడు.

కాని లోటు కూడ అక్కడనే ఉన్నది. అప్పిచ్చిన యూదు విద్యార్థి ఉండునది అమెరికాలో. పాలస్తీనా కొట్టువానికి ప్రక్కన ఉన్నది ఇజ్రాయేలువాడు. వారిద్దరి నడుమ గోడ, తనిఖీ ద్వారములు, సైనికులు. ఆ ద్వారము మూసిన నాడు సరకు ఆగును, వాయిదా ఆగును. 2023 అక్టోబరు 7న హమాస్ జరిపిన దాడియు, తదుపరి గాజాలో జరిగిన యుద్ధమును అందరికి తెలిసినవే. ఇంటర్నెట్టు అప్పులు అటువంటి దానిని ఆపగలవని చెప్పుట ఆ విద్యార్థులకును భావ్యము కాదు, మనకును కాదు.

మరొక లోటు ఇంకను మనకు దగ్గరిది. వేలకొలది ఫోటోలు ఎదుట ఉన్నప్పుడు జనులు ఎవరిని ఎన్నుకొందురు? దీనిని పండితులు లెక్కగట్టి చూచినారు. కీవాలో అప్పిచ్చువారు తమతో ఏదో ఒక పోలిక ఉన్నవారిని - అనగా ఆడవారు ఆడవారిని, ఒకే వృత్తివారు ఆ వృత్తివారిని, తుదకు పేరులో మొదటి అక్షరము కలిసినవారిని - ఎక్కువగా ఎన్నుకొనుచున్నారని 2011లో ఒక పరిశోధన తేల్చినది. తమ సంస్కృతికి దగ్గరగ ఉన్న దేశముల వారికే ఎక్కువ ఇచ్చుచున్నారని 2014లో మరియొకటి. మన చీటీ పాటలలో ఎవరు ఎవరిని చేర్చుకొందురో ఎరిగినవారికి ఇది ఆశ్చర్యము గాదు. ఫోను చేతికి వచ్చినంత మాత్రమున చేయి తన వీధి వైపే పోవుట మానదు. ఎదుటి వీధికి పోవలెనన్న, ఎవరో ఒకరు తెలిసి పట్టుబట్టి పంపవలెను.

అయినను మనుష్య స్వభావములో తమాషా కూడ కలదు. 2008లో కీవావారు అప్పిచ్చువారిని జట్టులుగా కూడుటకు అనుమతించగా, అన్నిటికంటె పెద్దవైన జట్టులు రెండు: ఒకటి దేవుడు లేడను నాస్తికులది, రెండవది క్రైస్తవ భక్తులది. ఎవరు ఎక్కువ అప్పిత్తురో చూతమని పోటీ! జగడమాడు బుద్ధిని మాన్పలేకున్నను దానిచేత కిరాణా కొట్లు పెట్టింపవచ్చునని తెలిసినది.

మరి ప్రక్క ప్రక్క వీధుల నడుమ శాంతికి ఏది పనిచేయును? ఇందుకు మనవారికి బాగుగ తెలిసిన ఊరే సాక్ష్యము. భివండిలో మన పద్మశాలీలు వేలమంది. అక్కడ మరమగ్గముల యజమానులు, పనివారు, నూలు వర్తకులు నానా మతములవారు. 1970లోను, 1984లోను ఆ ఊరిలో ఘోరమైన అల్లర్లు జరిగి చాలమంది చచ్చిపోయినారు. 1988 ప్రాంతమున సురేశ్ ఖోపడే అను పోలీసు అధికారి అక్కడికి వచ్చి వాడవాడకును మొహల్లా కమిటీలు పెట్టించినాడు. రెండు మతములవారిని, పెద్దమనుష్యులను మాత్రమే గాక మామూలు పనివారిని కూడ చేర్చి, అల్లరి లేనప్పుడే క్రమము తప్పక కూర్చుండబెట్టెడివాడు. 1992 డిసెంబరులోను, 1993 జనవరిలోను ప్రక్కనే బొంబాయి మండిపోవుచున్నప్పుడు భివండి ప్రశాంతముగ ఉన్నది.

అక్కడ పనిచేసినది సమావేశము. అప్పులలో కూడ సమావేశమునకు బలము కలదని కలకత్తాలో జరిపిన ఒక పరిశోధన చూపినది. క్రొత్తగా అప్పు తీసికొన్న స్త్రీల గుంపులలో కొన్నింటిని వారమునకు ఒకసారి, కొన్నింటిని నెలకు ఒకసారి కలిసి వాయిదా కట్టుమన్నారు. వారము వారము కలిసినవారు ఒకరి ఇంటికి ఒకరు పోవుట నేర్చినారు. రెండవ అప్పు నాటికి, మొదట నెలకొకసారి కలిసినవారిలో ఎగవేత మూడింతలకు పైన, 3.5 రెట్లు ఉన్నదని 2013లో ప్రకటించినారు. పూచీ లేదు, జప్తు లేదు, ఊరక కలిసికొనుటయే. సెల్‌ఫోనులో వాయిదా కట్టుట సులువే, నేనును కరెంటు బిల్లు అట్లే కట్టుచున్నాను. కాని సులువు కొరకు సమావేశమును తీసివేసిన, శాంతికి పనికివచ్చు భాగమును తీసివేసినట్లగును.

సౌమిత్ర ఝా అను పండితుడు 2013లో వ్రాసిన మరొక సంగతి మన వృత్తికి చాల తగినది. పూర్వము సముద్ర వర్తకము సాగిన రేవు పట్టణములలో, తరువాతి కాలమున ఆ వర్తకము పోయినను, హిందూ ముస్లిం అల్లర్లు ఇతర పట్టణముల కంటె చాల తక్కువ. ఆ రేవులలో ముస్లిం వర్తకులకు హజ్ యాత్ర దారిన సాగు విదేశ వ్యాపారము చేతిలో ఉండెడిది. దానిని హిందువులు లాగికొనను లేరు, అనుకరింపను లేరు. ఒకరు లేనిది మరొకరికి జరుగదు. మగ్గము, బాన వంటి పొత్తు. ఒకే వ్యాపారములో ఇద్దరును పోటీదారులైన చోట అప్పు కలుపునో లేదో నాకు అనుమానమే. పనులు వేరై, ఒకదానికొకటి అవసరమైన చోట అప్పునకు పట్టు దొరకును.

ఇంతవరకు మంచి చెప్పితిని. చెడు చెప్పకున్న కార్యదర్శి ధర్మము తప్పినవాడనగుదును. చిన్న అప్పు మనుష్యులను విడదీయుట తెలుగువారు కన్నులార చూచినారు. 2010లో ఆంధ్రప్రదేశమున మైక్రోఫైనాన్సు కంపెనీల అప్పులు ఒకదానిపై ఒకటి పేరుకొని, ఆత్మహత్యలు జరిగి, అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చినది. గుంపు పూచీ పద్ధతిలో ఒకామె వాయిదా తప్పిన మిగిలినవారు కట్టవలెను. ఆ కోపముతో పొరుగు ఆడవారే ఆమె గుమ్మము ముందు బైఠాయించినారు. ఏండ్ల తరబడి ఒకే బావి నీరు త్రాగినవారికి అప్పు తగవు పెట్టినది. ఒకే కులము, ఒకే వీధివారి నడుమనే ఇట్లయిన, ఇదివరకే రాళ్ళు పడిన రెండు వీధుల నడుమ గుంపు పూచీ పెట్టుట నిప్పుతో ఆట. వాయిదా తప్పినవాడు "వాడు" కాక "వాండ్లు" అగును.

చిన్న అప్పు పేదరికమును పోగొట్టునని చెప్పుటయు అతిశయోక్తియే. హైదరాబాదులో 104 పేదల బస్తీలలో బెనర్జీ, డఫ్లో మొదలగువారు జరిపిన పరిశోధన 2015లో అచ్చయినది. ఉన్న వ్యాపారములలో కొంత పెట్టుబడి పెరిగినది గాని, సగటున ఇంటి ఖర్చులోను, స్త్రీల పరిస్థితిలోను చెప్పుకోదగిన మార్పు కనబడలేదు. యుద్ధము వలన చీలిపోయిన బోస్నియా దేశములో జరిపిన పరిశోధనయు ఆ సంవత్సరమే వచ్చినది. అక్కడ అప్పు వచ్చిన ఇండ్లలో చిన్న వ్యాపారములు పెరిగినవి, ఆదాయము పెరిగిన జాడ లేదు, పదహారు మొదలు పందొమ్మిదేండ్ల పిల్లలు చదువు మాని పనిలో చేరుట ఎక్కువైనది. మగ్గము గుంటలో కూర్చున్న పిల్లలను చూచినవారు ఈ వాక్యమును రెండుసార్లు చదువవలెను.

ఇక ఫోనులోని అప్పు యాపుల సంగతి. ఇవియు ఇంటర్నెట్టు చిన్న అప్పులే! అయిదు నిమిషములలో సొమ్ము ఇచ్చి, ఫోనులోని పేర్లన్నియు ఎత్తుకొని, వాయిదా తప్పగానే బంధువులకు బూతు సందేశములు పంపువారి బారిన మా వీధిలో ఒక కుర్రవాడు పడినాడు. ఎనిమిది వేలకు ఇరువది మూడు వేలు కట్టినాడు. 2022లో రిజర్వు బ్యాంకు కట్టుదిట్టములు చేసినది: సొమ్ము అనుమతిగల సంస్థ నుండి తిన్నగా బాకీదారుని బ్యాంకు ఖాతాకే రావలెను, ఫోనులోని పేర్ల పట్టిక ముట్టరాదు. కావున ఏ యాపు వెనుక ఏ సంస్థ ఉన్నదో, దానికి రిజర్వు బ్యాంకు రిజిస్ట్రేషను కలదో లేదో చూడకుండ వ్రేలిముద్ర వేయరాదు.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు వత్తును. దీపావళికి ఆ పిల్ల మరల వచ్చినది. వంతెన దాటి అద్దకపు వీధికి పోయి, నాలుగు బానల ఇండ్లవారితో మాటలాడి వచ్చినదట. ఆమెకు పోయినంత సులువుగ నేను ఇన్నేండ్లు పోలేకపోయితినని ఒప్పుకొనవలెను. వారికి కావలసినది ఎక్కువ గాదు. రంగుల పొడికి, మందులకు ఇంటికి ముప్పది నలుబది వేలు. బ్యాంకు వారికి ఇవ్వదు. సావుకారు నెలకు నూటికి మూడు అడుగుచున్నాడు. "మన సంఘము ఇవ్వరాదా కాకా?" అని అడిగినది.

ఇవ్వరాదు. మా ఉపనిబంధనల ప్రకారము అప్పు సభ్యులకే. అద్దకపువారు సభ్యులు కారు. చేర్చుకొనవలెనన్న సర్వసభ్య సమావేశములో నిబంధన మార్చి రిజిస్ట్రారు ఆమోదము పొందవలెను. అది ఏడాది పని. పైగా మా వీధిలో కొందరు ఒప్పుకొనరని నాకు తెలియును. వారిలో ఒకరి దుకాణము ఆనాడు కాలినది. ఆయనను తప్పుపట్టు నోరు నాకు లేదు.

తానే ఒక వెబ్‌సైటు తెరచి కంపెనీ స్నేహితుల చేత అప్పులిప్పించెదనన్నది. అదియు కుదరదు. ఒకరి నుండి ఒకరికి అప్పు కుదుర్చు ఇంటర్నెట్టు వేదికలకు 2017 అక్టోబరు నుండి రిజర్వు బ్యాంకు రిజిస్ట్రేషను తప్పనిసరి, రెండు కోట్ల రూపాయల సొంత నిధి ఉండవలెను. ఒకరు ఒక బాకీదారునికి ఇవ్వగలది 50,000 రూపాయలకు మించరాదు, గడువు 36 నెలలకు మించరాదు. వేదిక పూచీ ఇవ్వరాదు, నష్టము వచ్చిన ఇచ్చినవానిదే. విదేశపు సొమ్ము రాకపోకలు అసలే కూడదు; కనుక అమెరికాలోని మన పిల్లలు డాలర్లు పంపెదమన్నను ఈ దారిన చెల్లదు.

రిజిస్ట్రేషను ఉన్న వేదికలు దేశములో కలవు. రామకృష్ణ, స్మితా రామ్ దంపతులు 2008 జనవరి 26న ప్రారంభించిన రంగ్ దే అందులో ఒకటి. రైతులకు, చేతిపనివారికి తక్కువ వడ్డీకి జనుల చేత అప్పులిప్పించుట దాని పని. ఇటువంటి వేదికకు మా నాలుగు బానల ఇండ్ల సంగతి వ్రాసి చూడుమని ఆ పిల్లకు చెప్పితిని. వారి విచారణ వారు చేసికొందురు, ఇత్తురో ఇవ్వరో వారి ఇష్టము. ఇచ్చినచో మా వీధి నుండి బయటికి పోయి ఉద్యోగములు చేయు పిల్లలు తలా అయిదు వేలు ఆ నాలుగు ఇండ్లకు అప్పుగా పెట్టెదమనుచున్నారు. గుంపు పూచీ ఉండదు. ఎవరి బాకీ వారిది. వాయిదా ఫోనులోనే కట్టినను, నెలకొకసారి ఆదివారము ఉదయము అద్దించువారును అద్దువారును సంఘము వసారాలో కూర్చొని, ఆ నెల ఎన్ని చిలపలు, ఏ రంగు, ఎప్పటికి అనునది మాటలాడుకొనవలెనని నేను ఒక షరతు పెట్టితిని. సంఘము సొమ్ము దమ్మిడీ దీనిలో లేదు. వసారా, రెండు బెంచీలు, టీ ఖర్చు మాత్రమే. ఆ టీ ఖర్చునకు ఆడిటరు అభ్యంతరము చెప్పిన నా జీతములో కోసికొనవచ్చును.

మొదటి ఆదివారము జరిగినది. అద్దకపు వీధి నుండి ముగ్గురు వచ్చినారు. మా వైపు నుండి అయిదుగురు వచ్చెదమని చెప్పి ఇద్దరు వచ్చినారు, అందులో ఒకరు ఆ పెద్దాయన. మాటలు ఎక్కువ సాగలేదు. ఎరుపు సంగతి వచ్చినప్పుడు మాత్రము, బస్సులో తెప్పించిన చిలప ఒకటి పెద్దాయన సంచిలో నుండి తీసి చూపగా, అద్దకపు ముసలాయన కుమారుడు దానిని వెలుతురులో పట్టి చూచి, "ఇది రెండు వాయిలల్ల అద్దిండ్రు సెక్రటరీ సాబ్, మా నాయన అయితే తిట్టేటోడు" అన్నాడు. పెద్దాయన ఆ చిలపను తిరిగి సంచిలో పెట్టుకొనక అతనివద్దనే ఉంచి వచ్చినాడు. వేదికవారి జవాబు ఇంకను రాలేదు. వచ్చే నెల సమావేశము రెండవ ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు.